గడులు పడిన ముఖం

రియాద్‌లో హోర్డింగులకు ఫ్లెక్సీలు బిగించే పనిలో నేను చేరింది 2009లో. మొదటి నెలలోనే ఒక టీ పొడి ఫ్లెక్సీ విప్పితే, అందులో తండ్రి నవ్వుతున్నాడు, పిల్లలు నవ్వుతున్నారు, తల్లి ముఖం మాత్రం చిన్న చిన్న గడులై చెదిరిపోయి ఉంది. ప్రింటు పాడైందేమో, ఖర్చు మా జీతంలో కోస్తారేమో అని టెన్షన్ పట్టుకుంది. మలయాళీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, "కావాలనే అట్లా వేశారు, ఎక్కించు" అన్నాడు. ఆడమనిషి ముఖం రోడ్డు మీద కనబడితే అప్పట్లో అక్కడ తప్పు.

2012లో ఐకియా కంపెనీ సౌదీలో పంచే కేటలాగ్‌లోంచి ఆడవాళ్ల ఫొటోలే తీసేసింది. బాత్రూం అద్దం ముందు కుటుంబమంతా ఉంది, తల్లి లేదు. ఆ కంపెనీ పుట్టిన స్వీడన్‌లో దాని మీద పెద్ద గొడవ జరిగి, చివరికి విచారం చెప్పుకోవాల్సి వచ్చింది. తల్లి కనబడితే ఇక్కడ కోపం, కనబడకపోతే అక్కడ కోపం. ఆ రాత్రి క్యాంపులో అందరం దీని గురించే మాట్లాడుకున్నాం. మన దగ్గర ఇట్లాంటివి ఉండవని నేను గట్టిగానే వాదించాను.

ఆ మాట అన్నాక నిద్ర పట్టలేదు. మా చెల్లె గుర్తొచ్చింది.

చెల్లెది నలుపు రంగు. నల్లగొండలో మా ఇంట్లో టీవీ పెడితే చాలు, నల్లగా ఉన్న పిల్లకు ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు, క్రీము రాసుకోగానే అన్నీ వస్తాయి. అది బూతు అని మా వాడలో ఒక్కరూ అనలేదు. రెండు సంబంధాలు తప్పిపోయాక ఫోన్‌లో అడిగింది: "అన్నా, అక్కడ మంచి క్రీములు దొరుకుతాయట, తెస్తావా?" తెచ్చాను. తేకుండా ఉండాల్సింది. నీ రంగుకేమైందమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను.

మన దేశంలో ప్రకటనల రంగం వాళ్లు 1985లో తమకు తామే పెట్టుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, నలుపును పెళ్లికీ ఉద్యోగానికీ అడ్డంకిగా చూపొద్దని 2014లో నియమం పెట్టింది. అప్పటికే మా చెల్లె పెళ్లయి, బిడ్డ తల్లయింది. 2020లో పేరున్న ఒక క్రీము తన పేరులోంచి 'ఫెయిర్' అన్న మాటే తీసేసింది. రియాద్‌లో కూడా ఇప్పుడు హోర్డింగుల మీద ఆడవాళ్ల ముఖాలు కనిపిస్తున్నాయి.

మొన్నటి ఛుట్టీలో మేనకోడలి చీరల ఫంక్షన్. మేనమామను కాబట్టి బట్టలూ నావే, ఫ్లెక్సీ ఖర్చూ నాదే. క్లాక్ టవర్ దగ్గరి షాపులో కంప్యూటర్ ముందున్న పిల్లగాడు ఎవరూ అడగకుండానే పాప ముఖం తెల్లగా చేశాడు. అలవాటు. చెల్లె ముందుకు వంగి, "ఉన్న రంగే ఉండనీయ్ తమ్మీ" అన్నది.

సెంటర్‌లో పన్నెండేళ్ల పిల్ల ఫొటో పెట్టి, పెద్దమనిషి అయిందని ఊరంతటికీ చెప్పడం నాకు అప్పుడే మొదటిసారి ఇబ్బందిగా అనిపించింది. ఇట్లాంటి ఫ్లెక్సీలు ఎన్ని చూశానో, ఎప్పుడూ అనిపించలేదు. పాపనే అడిగాను. తల్లి వైపు చూసి, మెల్లగా "సెంటర్ల వద్దు మామా, ఇంటి ముందర కట్టు" అన్నది.

చిన్న సైజులో వేయించాం. ఇంటి గేటుకు తాళ్లు నేనే బిగించాను.