అట్టపెట్టెలోంచి హార్లెమ్ దాకా

నెదర్లాండ్స్‌కి మా సైకిళ్లు వెంట తీసుకెళ్తున్నాం అంటే విన్నవాళ్లందరూ ఒకటే అడిగారు. మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువున్న దేశం కదా, ఇంకో రెండు మోసుకెళ్లడం ఎందుకు, అక్కడే అద్దెకి తీసుకోవచ్చు కదా అని. అడగదగ్గ మాటే. ఓ పూట ఊరు చూడ్డానికైతే అద్దె సైకిలే మేలు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా, రోజు తర్వాత రోజు తొక్కేటప్పుడు సీటు ఒక్క వేలెడు పైకో కిందకో ఉన్నా మోకాలు ఊరుకోదు. ఏళ్లుగా తొక్కుతున్న సైకిల్ మీద ఒంటికి ఏది ఎక్కడ ఉండాలో అంతా కుదిరిపోయి ఉంటుంది. పైగా అక్కకీ నాకూ ఎప్పటినుంచో ఒక కోరిక. విమానం దిగి, రైలెక్కకుండా, ట్యాక్సీ పిలవకుండా, విమానాశ్రయం గుమ్మంలోంచే తొక్కుకుంటూ వెళ్లిపోవాలని. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో ఆ పని హాయిగా చెయ్యొచ్చు. సైకిల్ బాట టెర్మినల్ దాకా వస్తుంది.

సైకిల్‌ని విమానమెక్కించడానికి గట్టి ప్లాస్టిక్ కేసులు దొరుకుతాయి, సామాను భద్రంగా ఉంటుంది. కానీ దిగిన చోటినుంచే తొక్కుకుంటూ పోయేవాళ్లు ఆ కేసుని ఎక్కడ పెట్టుకుంటారు? అందుకే మేం అట్టపెట్టెలు ఎంచుకున్నాం. కొత్త సైకిళ్లు వచ్చిన పెట్టెల్ని షాపుల వాళ్లు ఎలాగూ పారేస్తారు. ముందే చెప్పి ఉంచితే తీసి పెడతారు. పెట్టెతో పాటు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మధ్య పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క కూడా అడిగి తెచ్చుకోవాలి. ముందు చక్రం తీసేశాక ఫోర్కు రెండు కాళ్ల మధ్య ఖాళీ ఏర్పడుతుంది. పెట్టె మీద ఏ పెద్ద సూట్‌కేసో పడితే ఆ కాళ్లు లోపలికి వంగే ప్రమాదం ఉంది. వేలెడంత ఆ ముక్క రెంటినీ ఎడంగా పట్టి ఉంచుతుంది.

విప్పడంలో అందరినీ ఇబ్బంది పెట్టేది పెడళ్లు. కుడి పెడల్ మర మామూలుదే, ఎడమ దాని మర మాత్రం ఉల్టా. ఏది ఎటు తిప్పాలో బుర్రలో పెట్టుకోనక్కర్లేదు. స్పానర్‌ని పెడల్ మీద పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండూ ఊడతాయి. బిగించేటప్పుడు ముందుకి. ఈ ఒక్కటి తెలిస్తే సగం టెన్షన్ పోయినట్టే.

గేరు మార్చే డీరైలర్‌ని బోల్టు విప్పి, గుడ్డలో చుట్టి, వెనక చక్రం పక్కన ఫ్రేము లోపలికి కట్టేశాం. సైకిల్‌కి బయటికి పొడుచుకొచ్చి ఉండేది అదే, మొదటి దెబ్బ తగిలేదీ దానికే. డిస్క్ బ్రేకుల్లో చక్రానికుండే లోహపు పళ్లేన్ని, అంటే డిస్కుని, రెండు వైపులా పట్టే ప్యాడ్ల మధ్య అట్టముక్క దోపాం. చక్రం లేనప్పుడు పొరపాటున బ్రేకు నొక్కుకుపోతే ప్యాడ్లు దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి, మళ్లీ విడదీయడం పెద్ద పని. నేను హడావిడిగా సీటు కిందికి దించబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. "ముందు టేపు చుట్టవే. ఎత్తు ఎక్కడుందో అక్కడికెళ్లాక గుర్తుంటుందా?" అంది. సీటు కడ్డీ ఫ్రేములోకి దిగే చోట నల్లటేపు ఒక చుట్టు చుట్టాం. హ్యాండిల్‌కీ అంతే. ప్రతి అడుగులో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం.

ఈ పనంతా షాపులో డబ్బులిచ్చి చేయించుకోవచ్చు. నా మాట వింటే మాత్రం అలా చెయ్యకండి. సొంత చేత్తో విప్పినవాళ్లకే అవతలి దేశంలో నేల మీద కూర్చుని బిగించుకోగలమనే ధైర్యం వస్తుంది. ఏ బోల్టు ఎంత గట్టిగా ఉందో చేతికి తెలిసి ఉండాలి.

బరువు సంగతి. చాలా విమాన సంస్థలు ఒక పెట్టెకి 23 కిలోలు ఒప్పుకుంటాయి. అదనంగా కడితే 32 దాకా. అంతకు మించి ఒక్క పెట్టెలో ఉండకూడదు, ఎందుకంటే దాన్ని ఎత్తేది మనుషులే. ఖాళీలు నింపాలని బట్టలు, స్లీపింగ్ బ్యాగులు కుక్కి తూకం చూసుకున్నాం. సైకిల్ తెస్తున్నామని టికెట్ కొన్నప్పుడే చెప్పి, ఒప్పుకున్నట్టు రాతలో తీసుకున్నాం. విమానం పొట్టలో పెద్ద పెట్టెలకి చోటు తక్కువ కాబట్టి ముందు చెప్పినవాళ్లకే దక్కుతుంది. కొన్ని సంస్థలు సైకిల్‌ని మామూలు సామానుగానే లెక్కేస్తాయి, కొన్ని వేరే రుసుం తీసుకుంటాయి. చదువుకోవాల్సిందే.

కొన్ని వస్తువులు మాత్రం పెట్టెలో వెళ్లవు. పవర్ బ్యాంకు చేతి సంచీలోనే ఉండాలి. టైరుకి క్షణంలో గాలి నింపే చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లకి విమాన సంస్థ అనుమతి కావాలి. మేం ఆ గొడవ లేకుండా చేతి పంపు పెట్టుకున్నాం. ఎలక్ట్రిక్ సైకిల్ ఉన్నవాళ్లకి దారి ఇంకా ఇరుకు. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) దాటిన లిథియం బ్యాటరీ తీసుకెళ్లనివ్వరు, ఆ సైకిళ్ల బ్యాటరీలు దాదాపు అన్నీ అంతకు మించినవే.

కౌంటర్‌లో అమ్మాయి టైర్లలో గాలి తీశారా అని అడిగింది. తీశాం. ఆకాశంలో టైరు పేలుతుందని చాలామంది నమ్ముతారు గానీ, సామాను ఉంచే గదిలో కూడా మనం కూర్చునే చోటిలాగే గాలి ఒత్తిడి ఉంచుతారు. గాలి ఒత్తిడిని కొలిచే పీఎస్ఐ లెక్కలో నేల మీద వాతావరణ పీడనం 14.7, విమానంలో 11కి కాస్త అటూ ఇటూ. అంటే 60 పీఎస్ఐ ఉన్న టైరుకి నాలుగు పీఎస్ఐ కూడా తేడా రాదు. అడిగారు కాబట్టి తగ్గించాలి, కానీ పూర్తిగా తీసేయకూడదు. కాస్త గాలి ఉంటే పెట్టె కింద పడ్డప్పుడు రిమ్ముకి దెబ్బ తగలదు.

మా విమానం స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే మీద దిగింది. 2003లో వాడకంలోకి వచ్చిన ఈ రన్‌వే టెర్మినల్‌కి చాలా దూరం. దిగాక విమానం నేల మీద చాలాసేపు నడుస్తుంది, ఒకచోట మోటార్‌వే మీదుగా వంతెన దాటుతుంది. కిటికీలోంచి చూస్తే కాలువలు, పచ్చిక, మధ్యలో సన్నటి దారి మీద సైకిల్ తొక్కుతున్న మనిషి. "అదిగో చూడవే," అని అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. మేం చూస్తున్న ఆ నేలంతా సముద్రమట్టానికి దాదాపు మూడు మీటర్లు కింద ఉంది.

పెద్ద సామాను వేరే తలుపులోంచి వస్తుంది. బెల్టు దగ్గర నిలబడి లాభం లేదు. నా పెట్టె బాగానే వచ్చింది. అక్క పెట్టెకి ఒక పక్క చెయ్యి దూరేంత చిరుగు. అక్కడే, సామాను హాల్లోంచి బయటికి రాకముందే తెరిచి చూశాం. ఫ్రేము బాగుంది, డీరైలర్ మేం కట్టిన చోటే ఉంది, ముందు చక్రానికున్న బ్రేకు డిస్కు మాత్రం కొద్దిగా వంగింది. కౌంటర్‌కి వెళ్లి ఫిర్యాదు రాయించి, కాగితం తీసుకున్నాం. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం చెక్‌ఇన్ చేసిన సామాను దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇంటికొచ్చాక చూసుకుందాంలే అనుకుంటే ఆ గడువు సెలవుల్లోనే అయిపోతుంది.

బయటికొచ్చి, నలుగురికీ అడ్డం కాని మూల చూసుకుని కూర్చున్నాం. పెట్టె అట్టనే కింద పరిచాం, నేల పాడవకుండా. హ్యాండిల్ బిగించడంలో వరస ముఖ్యం. ముందు పైనున్న మూత బోల్టుని, ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ఊపినా ఫోర్కు కదలనంత వరకు, బిగించాలి. హ్యాండిల్ ఇటూ అటూ సులువుగా తిరుగుతూనే ఉండాలి. ఆ తర్వాతే పక్క బోల్టులు, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా. అన్నీ బిగించి అక్క సైకిల్ చక్రం తిప్పితే, తిరిగిన ప్రతిసారీ ఒకేచోట స్ అని రాపిడి. బ్రేకు వెనక తెల్లకాగితం పట్టుకుని నేను కళ్లు చికిలించి చూస్తుంటే, డిస్కుకీ ప్యాడుకీ మధ్య గీతలా కనిపించే వెలుతురు ఒకచోట మాయమయ్యేది. ఆ చోటిని కిందికి తిప్పి, శుభ్రమైన గుడ్డతో పట్టుకుని అక్క మెల్లిగా ఇవతలికి లాగేది. వేళ్లు తగిలితే చమురు అంటి బ్రేకు పట్టదు, అందుకే గుడ్డ. లాగడం, తిప్పడం, చూడ్డం. చివరికి ఆ గీత చుట్టూ నిలిచింది. చప్పుడు పోయింది. అక్క ముఖం చూడాలి అప్పుడు!

శుభ్రం చేసే ఆవిడని అడిగితే అట్టలు ఎక్కడ పెట్టాలో చూపించింది. మడిచి అక్కడ ఉంచేసి, సంచులు క్యారియర్లకి తగిలించి తలుపు దాటాం.

ఎడమ పక్క నడపడం అలవాటైన మాకు మొదటి గండం కుడి పక్క ఉండడం. అక్క ముందు, నేను వెనక, మలుపు వచ్చినప్పుడల్లా "కుడి, కుడి" అని అరుచుకుంటూ వెళ్లాం. కానీ భయం ఎంతోసేపు లేదు. ఎర్రటి తారు వేసిన దారి సైకిళ్లకే ప్రత్యేకం. తెల్లబోర్డుల మీద ఎర్రక్షరాలు కనిపిస్తే అవి సైకిళ్లకి దారి చెప్పేవి. రోడ్డు మీద తెల్లటి త్రికోణాల మొనలు మన వైపు తిరిగి ఉంటే మనం ఆగాలి, అవతలివాళ్ల వైపు ఉంటే వాళ్లు ఆగుతారు. నిజంగానే ఆగుతారు. పెద్ద ట్రక్కు మాకోసం ఆగితే మొదట నమ్మలేకపోయాం.

ఇంకోటి, అంకెల బోర్డులు. బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో హ్యూగో బొల్లెన్ అనే గనుల ఇంజనీరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక అంకె. ఏ అంకె తర్వాత ఏ అంకెకి పోవాలో కాగితం మీద రాసి హ్యాండిల్‌కి కట్టుకుంటే చాలు, ఫోన్ తీసే పనే లేదు. నోరు తిరగని ఊరి పేర్లతో కుస్తీ పట్టాల్సిన అవసరమూ లేదు.

హోఫ్‌డోర్ప్ అనే ఊరు దాటాక నేల బల్లపరుపుగా పరుచుకుంది. ఎక్కుడు లేదు గానీ ఎదురుగాలి ఉంది, పడమరకి వెళ్తున్నాం కదా. దారి చిన్నగట్టు మీదికి ఎక్కింది. ఎక్కగానే ఇద్దరం దిగి నిలబడిపోయాం. గట్టుకి కుడిపక్క పొలాలు, ఇళ్లు. ఎడమపక్క కాలువ. కాలువలో వెళ్తున్న పడవ ఆ పొలాల కంటే ఎంతో ఎత్తులో ఉంది. రింగ్‌వార్ట్ అనే ఆ కాలువ 60 కిలోమీటర్ల చుట్టు తిరిగి వస్తుంది. దాని లోపలున్నదంతా ఒకప్పుడు హార్లెమ్మర్‌మేర్ అనే చెరువు. చెరువంటే చిన్నది కాదు, 1836లో తుఫాన్లకి పొంగి ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ దాకా, ఇంకోసారి లైడెన్ దాకా వచ్చేసింది. ఇక లాభం లేదని గట్టు కట్టి, కాలువ తవ్వి, ఆవిరి పంపులు పెట్టి 1849 నుంచి 1852 వరకు తోడి పారేశారు. విమానాశ్రయం ఆ చెరువు అడుగునే ఉంది. రైల్లో పోయి ఉంటే సొరంగంలోంచి ఊళ్లో తేలేవాళ్లం, ఇదంతా తెలిసేది కాదు.

తోడిన మూడు పంపుల్లో ఒకటైన క్రూకియస్ మా దారిలోనే ఉంది, ఇప్పుడు మ్యూజియం. కోట బురుజులాంటి గుండ్రటి కట్టడం, చుట్టూ ఎనిమిది ఇనుప దూలాలు బయటికి చాచుకుని ఉంటాయి. లోపలి ఆవిరి సిలిండర్ అడ్డకొలత 3.66 మీటర్లు. అక్క చాలాసేపు ఆ దూలాలు గోడకి ఆనే చోటే చూస్తూ నిలబడింది, ఇంజనీరు బుద్ధి.

సాయంత్రానికి హేమ్‌స్టేడే మీదుగా హార్లెమ్ చేరాం. నిద్రలేమితో ఒళ్లు తేలిపోతున్నా ఆ పూట ఇంకో పని ముగించుకున్నాం. బస దగ్గరున్న సైకిల్ షాపులో తిరుగు ప్రయాణానికి రెండు ఖాళీ పెట్టెలు కావాలని చెప్పి, తేదీ రాసిచ్చాం. షాపాయన అక్క సైకిల్ డిస్కుని ఒకసారి తిప్పి చూసి, బాగానే ఉంది, మార్చక్కర్లేదన్నాడు. మర్నాడు పొద్దున జాండ్‌వోర్ట్ దగ్గర ఇసుకదిబ్బలు ఎక్కి సముద్రం చూసి, దాని పక్కనే దక్షిణానికి తిరిగాం.