బోర్డు పోయిందన్నారు

తణుకులో నాకో చిన్న డీటీపీ షాపు ఉంది. 2023 సంక్రాంతికి, భోగి ముందు రోజు మెయిన్ కట్టేసి షట్టర్ దించాను. ముక్కనుమ కూడా వెళ్లాక 18న తీశాను. పుష్యమాసంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆ నెలంతా మాకు ఈగలు తోలుకునే పనే. మాఘం దగ్గర పడిందంటే మాత్రం శుభలేఖల వాళ్లు వరస కడతారు. ఆ పొద్దున్న తాళం తీసేసరికే అత్తిలి నుంచి ఒకాయన, కూతురి పెళ్లి మేటరు తెల్లకాగితం మీద రాయించుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

సీపీయూ స్విచ్ నొక్కాను. లోపల ఫ్యాన్ గిర్రుమంది, ముందు లైటు వెలిగింది. మానిటర్ 'నో సిగ్నల్' అని ఓ రెండు సెకన్లు చూపించి నల్లబడిపోయింది.

అది 2012లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదంటే దాంట్లో విండోస్ 7, కార్డులు కంపోజ్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు కుదురుగా కూర్చున్నాయి. పదకొండేళ్ల కార్డులన్నీ అందులోనే ఉన్నాయి. మిగతా పనులకి ల్యాప్‌టాప్ ఉంది కానీ, పెళ్లి కార్డు చెయ్యాలంటే నాకు ఆ పాత డబ్బానే గతి.

మానిటర్ కేబుల్ పీకి ల్యాప్‌టాప్‌కి గుచ్చితే బొమ్మ శుభ్రంగా వచ్చింది. అంటే మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది. మళ్లీ సీపీయూకి పెట్టి, కీబోర్డులో నమ్ లాక్ నొక్కి చూశాను. దాని లైటు ఆరాలి, మళ్లీ వెలగాలి. ఉలకదు, పలకదు. ఫ్యాన్ తిరుగుతోంది గానీ లోపల సిస్టమ్ అసలు మొదలే కాలేదన్నమాట.

తెలిసిన మెకానిక్‌ని పిలిచాను. వచ్చి స్విచ్ రెండుసార్లు నొక్కాడు, వంగి ఫ్యాన్ వైపు చూశాడు. "మదర్‌బోర్డు పోయిందండీ. ఈ మోడల్ ఇప్పుడు రాదు, సెకండ్ హ్యాండ్‌ది చూడాలి. నాలుగు వేలవుద్ది, రెండ్రోజులు పట్టుద్ది" అన్నాడు. కనీసం పక్క రేకు కూడా విప్పలేదు. నాలుగు వేల కన్నా ఆ రెండ్రోజులకే నా గుండె జారింది. అత్తిలి ఆయన నా మొహం, అతని మొహం మార్చి మార్చి చూసి, "ఆయ్, సాయంత్రానికైనా ప్రూఫు ఇచ్చేత్తారాండీ?" అన్నాడు. ఇస్తానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు.

మా బాబాయి కొడుకు కొన్నాళ్లు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఓ రిపేరు షాపులో పనిచేశాడు. వాడికి ఫోన్ కొట్టాను.

"అన్నయ్యా, బీప్ ఏమన్నా వస్తుందా?"

"ఏ చప్పుడూ లేదురా."

"నీ బోర్డుకి స్పీకర్ ఉందా అసలు?"

చూస్తే లేదు. అటక మీద పడేసిన పాత క్యాబినెట్‌లోంచి గోరంత బజర్ ఒకటి పీకి, వాడు చెప్పిన పిన్నులకి పెట్టాను. పెట్టేముందు పవర్ వైరు తీసేసి, స్విచ్ పది సెకన్లు నొక్కి పట్టుకుని లోపల మిగిలిన కరెంటు దింపమన్నాడు. చేత్తో క్యాబినెట్ రేకు ఓసారి ముట్టుకోమన్నాడు.

"ఇప్పుడు మెమొరీ పట్టీలు, అదే ర్యామ్‌లు, రెండూ తీసేసి ఆన్ చెయ్యి."

"తీసేస్తే ఎలా ఆన్ అవుద్దిరా?"

"అవదు. కూస్తుంది. కూస్తే బోర్డు, ప్రాసెసర్ బతికున్నట్టే. కూయకపోతే అప్పుడు చూద్దాం."

తీసేసి నొక్కాను. కూ... అని పొడుగ్గా ఓ కూత. ఆగి, మళ్లీ ఇంకో కూత. జన్మలో ఎప్పుడూ ఎర్రర్ చప్పుడు విని అంత సంతోషపడలేదు. బోర్డు పోయిందన్నారే, మరి ఆ కూసేదెవరు?

ఇక అసలు పని. ర్యామ్ అడుగు అంచున బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి. పైకి బాగానే కనిపించాయి గానీ, మా పిల్లాడి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే ఆ పొట్టు నల్లగా రాలింది. రెండు పక్కలా రుద్ది, పొట్టంతా దులిపి, పొడి గుడ్డతో తుడిచాను. ర్యామ్ పెట్టే గాడుల్లోకి టార్చి వేస్తే మొదటిదాంట్లో చచ్చిన చీమలు! నాలుగైదు రోజులు మూసున్న షాపులో అవి కూడా పండగ చేసుకున్నట్టున్నాయి. కొత్త పెయింట్ బ్రష్షుతో దులిపాను. ముందు ఒక్క ర్యామే రెండో గాడిలో పెట్టి, రెండు వైపులా క్లిప్పులు 'టక్' మనేదాకా నొక్కాను. ఆన్ చేస్తే చిన్నగా ఒకే ఒక్క బీప్. తెర మీద తెల్ల అక్షరాలు! రెండో ర్యామ్ కూడా పెట్టి చూశాను, పలికింది.

అయిపోయిందనుకున్నా. తెర మీద సీమోస్ (బోర్డు తన సెట్టింగులు దాచుకునే చోటు) ఏదో తప్పిందని, సెట్టింగులన్నీ మొదటికొచ్చాయని ఉంది. ఎఫ్1 కొట్టేశాను. విండోస్ బొమ్మ వచ్చింది, రంగులు దగ్గరకొచ్చాయి, నీలంగా ఓ మెరుపు మెరిసింది, మళ్లీ మొదటికి. మూడుసార్లు అంతే. తనే రిపేర్ చేసుకుంటానంది గానీ, అరగంట తిప్పి తన వల్ల కాదంది. షాపులో కుర్రాడు "ఫార్మాట్ కొట్టేద్దామా అన్నా?" అన్నాడు. నోరు మూసుకుని టీ తెమ్మన్నాను.

నీలం తెరని ఫోన్‌తో వీడియో తీసి ఆపి చూస్తే, కోడ్ చివర 7బీ అని ఉంది. మళ్లీ తమ్ముడికే ఫోన్. వాడు కోడ్ సంగతి విని ఒక్కటే అడిగాడు: "బయోస్‌లో తేదీ ఎంత చూపిస్తోంది?" బయోస్ అంటే విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రామ్. దాని సెట్టింగుల పేజీలోకెళ్లి చూస్తే 2012 జనవరి 1.

అప్పుడు తెలిసింది కథంతా. బోర్డు మీద పావలా బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032, 3 వోల్టులది. తేదీని, బయోస్ సెట్టింగులని కాపాడేది అదే. రోజూ రాత్రి నేను మానిటర్ ఒక్కటే కట్టి వెళ్తాను. సీపీయూ ఆపేసినా ప్లగ్గులో కరెంటు ఉంటే లోపలి పవర్ సప్లై డబ్బా (ఎస్ఎంపీఎస్) నుంచి బోర్డుకి 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. అందుకే బ్యాటరీ ఎప్పుడో చచ్చినా నాకు తెలియలేదు. పండక్కి మెయిన్ కట్టేసరికి బయటపడింది. సెట్టింగులు పోయి, బోర్డు హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి (మోడ్) ఏహెచ్‌సీఐ అనేదానికి మారిపోయింది. నా విండోస్ వేసింది ఐడీఈ అనే పాత పద్ధతిలో. డిస్క్ అక్కడే ఉన్నా దాన్ని చదివే డ్రైవర్ అందక నీలం తెర వేస్తోంది. బయోస్‌లో శాటా మోడ్ అని ఉన్న ఆ సెట్టింగుని ఐడీఈ చేసి, సేవ్ అవడానికి ఎఫ్10 కొట్టాను. నా డెస్క్‌టాప్, దాని మీద వినాయకుడి బొమ్మ ఎప్పటిలాగే వచ్చేశాయి. ఫార్మాట్ కొట్టి ఉంటే!

అప్పటికి మధ్యాహ్నం మూడు. అత్తిలి ఆయన బజారులో పనులు చూసుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఆదరాబాదరాగా కార్డు కంపోజ్ చేసి ప్రూఫు చేతిలో పెట్టాను. వియ్యంకుడి ఇంటిపేరులో ఒక ఒత్తు మార్చమని, రేపొస్తానని చెప్పి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే వాచీల కొట్లో బ్యాటరీ కొన్నాను. నలభై రూపాయలు. ప్లస్ గుర్తు పైకి పెట్టి నొక్కి, బయోస్‌లో తేదీ సరిచేసి, మోడ్ మళ్లీ ఐడీఈ చేశాను. ఈసారి సెట్టింగుల పేజీని ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నా. ఆయన రాగానే నిన్నటి ఫైల్ కోసం చూస్తే ఎక్కడా లేదు. నా ఫోల్డర్‌లో కొత్త ఫైళ్లు పైన ఉంటాయి. పైన పండగ ముందు చేసిన కరపత్రాలే ఉన్నాయి. చెమటలు పట్టాయి. నిన్న హడావుడిలో తేదీ మార్చలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ సిస్టమ్‌కి నెట్ పెట్టను కాబట్టి దానంతటదీ మారలేదు. కిందికి జరుపుకుంటూ పోతే అన్నిటికన్నా అడుగున దొరికింది, షాపు తెరిచిన కొత్తలో చేసిన మొట్టమొదటి కార్డు కన్నా కింద, 2012 జనవరి 1 తేదీతో.