బెస్సీ హెడ్ ఊరు సెరోవే

బోట్స్వానా వెళ్ళేవాళ్ళు ఒకవాంగో డెల్టా కోసమో, చోబే ఏనుగుల కోసమో వెళ్తారు. రాజధాని గాబరోన్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు కూడా నాకు ఆ రెండే చూపిద్దామనుకున్నాడు. నేను సెరోవే అన్నాను. "అక్కడేముందక్కా?" అన్నాడు. రచయిత్రి బెస్సీ హెడ్ బతికిన ఊరది అన్నాను. పాపం, సెలవు పెట్టి నాతో బయల్దేరాడు.

గాబరోన్ నుంచి ఉత్తరానికి సుమారు 300 కిలోమీటర్లు. దారి పొడుగునా ముళ్ళ చెట్లు, ఎర్ర నేల, రోడ్డుకు అడ్డంపడే గాడిదలు. మకర రేఖ దాటుతున్నామని చెప్పే బోర్డు దాటాక మహలాప్యె, ఆ తర్వాత రాడిసెలే అనే చిన్న ఊరు. దాని పేరు కనిపించగానే కిటికీకి అతుక్కుపోయాను. 1966లో కరువు దేశాన్ని పీడిస్తున్నప్పుడు బెస్సీ ఇక్కడి వ్యవసాయ క్షేత్రంలో కొన్నాళ్ళు ఉంది. 1968లో వచ్చిన ఆమె మొదటి నవల 'వెన్ రెయిన్ క్లౌడ్స్ గేదర్'కి ముడిసరుకు ఇక్కడే దొరికింది. అందులో మఖాయా అనే యువకుడు దక్షిణాఫ్రికా సరిహద్దు కంచె దాటి పారిపోయి వస్తాడు. ఒక పల్లెలో తలదాచుకుని, అక్కడి ఆడవాళ్ళకు పొగాకు సాగు నేర్పుతాడు. ఒంగోలు దగ్గర పొగాకు బ్యారన్ల మధ్య పెరిగిన నాకు, ఆ పేజీలు చదువుతుంటే ఆకు ఘాటు ముక్కుకు తగిలింది.

బస్సులో పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ "దుమేలా మ్మా" అని పలకరించి, సెరెట్సే ఖామా సమాధి చూడ్డానికి వెళ్తున్నారా అని అడిగింది. దేశపు తొలి అధ్యక్షుడు పుట్టిన ఊరు మరి. బెస్సీ పేరు చెప్పగానే, తన కూతురు ఆమె కథలు స్కూల్లో చదివిందని సంతోషంగా చెప్పింది.

బెస్సీ పుట్టుకే ఒక అన్యాయం. 1937లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ మానసిక ఆసుపత్రిలో పుట్టింది. తల్లి తెల్లజాతి స్త్రీ, తండ్రి నల్లజాతివాడు. ఆయన ఎవరో బెస్సీకి ఎన్నడూ తెలియలేదు. బిడ్డను మొదట ఒక తెల్ల కుటుంబానికి ఇచ్చారు. ఒంటి రంగు చూసి వాళ్ళు తిరిగి ఇచ్చేశారు. చివరికి మిశ్రమజాతి కుటుంబం ఒకటి పెంచుకుంది. గాంధీని రైల్లోంచి తోసేసిన ఊరు కూడా ఇదే. ఆమెకు గాంధీ అంటే ఎంతో భక్తి.

టీచరుగా, తర్వాత జర్నలిస్టుగా పనిచేసింది. 1964లో చిన్న కొడుకును వెంటబెట్టుకుని, మళ్ళీ తిరిగి రాకూడదన్న షరతు మీద ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్‌తో దేశం వదిలింది. సెరోవేలో టీచరు ఉద్యోగం దొరికింది, ఎంతోకాలం నిలవలేదు. పౌరసత్వం కోసం పెట్టుకున్న దరఖాస్తును తిరస్కరించారు. 1979లో కానీ ఇవ్వలేదు. అప్పటికి ఆమె పెద్ద నవలలు మూడూ వచ్చేసి, లోకానికి ఆమె బోట్స్వానా రచయిత్రిగా పేరుపడిపోయింది. ఈ పదిహేనేళ్ళ లెక్క తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

పలాప్యె దగ్గర హైవే వదిలి పడమరకు తిరిగితే కాసేపటికి సెరోవే. కొండ కింద విశాలంగా పరుచుకున్న ఊరు. కొండ మీద రాజుల సమాధులున్నాయి. ఖామా మ్యూజియం కొండ దిగువనే, రెడ్ హౌస్ అనే పాత ఇంట్లో ఉంది. బెస్సీ కాగితాలు భద్రంగా ఉన్నది ఇందులోనే. తను రాసిన ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ పెట్టుకునేది. స్నేహితులకు, ప్రచురణకర్తలకు, తోటి రచయితలకు రాసిన ఉత్తరాలు. డబ్బు గురించి, కూరగాయల తోట గురించి, దేవుడి గురించి, ఒక్కోసారి ఒకే పేజీలో. దేశం లేని మనిషి తను ఉన్నానని చెప్పే రుజువులన్నీ ఇలా దాచుకుందా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం మాంసంతో బొగోబే తిన్నాం. అచ్చం మన జొన్న సంకటే. తర్వాత ఆమె ఇల్లు చూశాం. మొదటి నవల డబ్బుతో కట్టుకుని, ఆ నవల పేరే కలిసొచ్చేలా 'రెయిన్ క్లౌడ్స్' అని పెట్టుకుంది. చిన్న ఇల్లు. కరెంటు లేక కొవ్వొత్తి వెలుగులో టైప్ చేసేది. మతి చెదిరి ఆసుపత్రి పాలైంది, కోలుకుని ఆ అనుభవాన్నే 1973లో 'ఎ క్వశ్చన్ ఆఫ్ పవర్'గా రాసింది. కష్టమైన పుస్తకం, నేను ఆగి ఆగి చదివాను. పిచ్చి అంచున నిలబడిన నాయిక ఎలిజబెత్‌ను తోటపని మళ్ళీ నేల మీదికి తెస్తుంది. బెస్సీ కూడా ఇక్కడి సహకార తోటలో కేప్ గూస్‌బెర్రీలు పండించి జామ్ చేసేది.

ఇంటి ముందు నిలబడి తమ్ముడికి ఆమె నవల 'మారు' కథ చెప్పాను. మార్గరెట్ అనే టీచరు ఒక ఊరికి వస్తుంది. మసార్వా అని అందరూ హీనంగా చూసే సాన్ అనే ఆదివాసీ జాతి పిల్ల. అడిగినవాళ్ళకు ఆ మాట దాచకుండా చెబుతుంది, అంతే, స్కూల్లోంచి తరిమేయాలని చూస్తారు. నల్లవాళ్ళే నల్లవాళ్ళను అంటరానివాళ్ళలా చూడడాన్ని 1971లోనే ఇంత సూటిగా రాసింది. జాత్యహంకారం తెల్లవాళ్ళ సొత్తు మాత్రమే అనుకునే రోజుల్లో అది చాలా ధైర్యం. "మన ఊళ్ళో టీచరు కులం ఆరా తీసినట్టే" అన్నాడు వాడు. ఆ మాటతో ఇంక నేను చెప్పాల్సింది లేకపోయింది. నవలలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. చీఫ్ కావలసిన మారు పదవి వదులుకుని మార్గరెట్‌ను పెళ్ళాడతాడు, కానీ ఆమె మనసు పడింది అతని స్నేహితుడు మొలేకా మీద. ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు.

ఊరివాళ్ళ నోటి మాటలతోనే ఊరి చరిత్ర చెప్పిన ఆమె పుస్తకం 'సెరోవే: విలేజ్ ఆఫ్ ద రెయిన్ విండ్' 1981లో వచ్చింది. కుండలు చేసేవాళ్ళు, ఇళ్ళు కప్పేవాళ్ళు, ముసలివాళ్ళు, టీచర్లు ఒక్కొక్కరుగా మాట్లాడతారు. ఆమె పక్కకు తప్పుకుని వింటుంది. నవలలన్నిటికన్నా నాకు ఇదే ఇష్టం. తనను పూర్తిగా కలుపుకోని ఊరికి అంత శ్రద్ధగా చెవి ఒగ్గిన రచయితలు అరుదు.

1986లో హెపటైటిస్‌తో, 48 ఏళ్ళకే, ఇక్కడే పోయింది. ఆత్మకథ రాయడం పూర్తి కాలేదు. పుట్టిన ఊళ్ళో పెద్ద లైబ్రరీకి ఇప్పుడు ఆమె పేరు పెట్టారు. బెస్సీని ఎక్కడ మొదలుపెట్టాలని తిరుగు ప్రయాణంలో తమ్ముడు అడిగాడు. ముందు 'మారు', తర్వాత 'సెరోవే', గుండె నిబ్బరం ఉన్నప్పుడు 'ఎ క్వశ్చన్ ఆఫ్ పవర్' అన్నాను. మీకూ అదే చెబుతాను.