మిగిలిన 45 శాతం: రెండు పురుగుమందుల పరీక్షలో నా అనుభవం

నిన్న సాయంత్రం సమీక్ష కమిటీ నా ఫలితాలను ఆమోదించింది. ఇదే పని మొదలుపెట్టేవారికి ఉపయోగపడుతుందని వెంటనే రాస్తున్నాను.

క్లోరిపైరిఫాస్ 50 శాతం, సైపర్‌మెత్రిన్ 5 శాతం కలిపిన మందు మన ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. పొలంలో కొట్టాక వాన పడితే అది మురుగు కాలువలోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి చేరుతుంది. ఆ రెండూ కలిసి వేలెడంత శీలావతి పిల్లలను ఏం చేస్తాయన్నదే నా ప్రశ్న.

జంతు నైతిక కమిటీ అనుమతి సులువుగానే వచ్చింది. కుళాయి నీటిలో క్లోరిన్ పోగొట్టడం, పిల్లలను తొట్టెలకు అలవాటు చేయడం ఇబ్బంది పెట్టలేదు. 96 గంటల్లో సగం చేపలు చనిపోయే మోతాదును ఎల్‌సీ50 అంటారు. నీటిలో ఉన్న మందును దాని ఎల్‌సీ50తో భాగిస్తే టాక్సిక్ యూనిట్ వస్తుంది. రెండు మందుల యూనిట్ల మొత్తం ఒకటి అయినప్పుడు సగం చేపలు చనిపోతే విషాలు కూడుతున్నాయని అర్థం. ఒకటికి చాలా ముందే చనిపోతే ఒకదాని బలాన్ని మరొకటి పెంచుతోందన్నమాట. నాకు రెండోదే వచ్చింది. ఎంతో సంతోషంగా మొదటి సమీక్షకు వెళ్లాను.

పరీక్షకులు దుకాణంలో కొన్న ఆ సీసా బొమ్మను తెర మీద చూసి అడిగారు: "ఒకటి 50, ఇంకొకటి 5. మిగిలిన 45 శాతం ఏమిటమ్మా?"

మందును కరిగించే ద్రావకం, దాన్ని నీటిలో కలిసేలా చేసే ఎమల్సిఫయర్ అన్నాను.

"అవి చేపను చంపవని నీకెవరు చెప్పారు? అవి మాత్రమే కలిపిన తొట్టె ఏదీ?"

లేదు. పోల్చి చూడటానికి మందు వేయకుండా ఉంచిన నా కంట్రోల్ తొట్టెలో ఉన్నది ఉత్త నీరు. నేను కొలిచిన విషం మందులదో, వాటిని కరిగించిన ద్రావకానిదో చెప్పే దారే లేదు. వెనుక వరుసల్లో జూనియర్లు కూర్చున్నారు. పరీక్షకులు నా జవాబు కోసం ఆగారు. నేను నేల చూశాను. నా ప్రణాళికలో ప్రతి పేజీ మీదా సంతకం పెట్టిన మా గైడ్ ఒక్క మాట అనకుండా తన కాగితాలు సర్దుకున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఆ మౌనాన్ని మాత్రం నేను మరచిపోలేను. గైడ్ సంతకం చేశారంటే చదివారని అనుకోకండి. ప్రణాళికను ఆ రంగంలో ఉన్న మరొకరికి చూపించండి.

ఆరు నెలల పని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. కలిపిన మందు బదులు టెక్నికల్ గ్రేడ్ మందులు, అంటే ద్రావకాలు కలపని అసలు మందులు, విడివిడిగా కావాలి. కొనుగోళ్ల విభాగం మూడు కొటేషన్లు అడిగింది, ఒక ముద్ర లేదని ఫైలు వెనక్కి పంపింది. అలా నాలుగు నెలలు పోయాయి. ఫోను చేస్తే ఫైలు కదలదు, వెళ్లి బల్ల దగ్గర నిలబడండి.

ఈసారి మందులను అసిటోన్ అనే ద్రావకంలో కరిగించాను. లీటరు నీటికి 0.1 మిల్లీలీటరు మించకుండా అన్ని తొట్టెల్లో ఒకే కొలత వేశాను. అసిటోన్ మాత్రమే వేసిన తొట్టెలో ఒక్క చేపా చనిపోలేదు. మందులు కలిసిన తొట్టెల్లో మాత్రం టాక్సిక్ యూనిట్ల మొత్తం ఒకటికి చేరకముందే సగం చేపలు పోయాయి. సైపర్‌మెత్రిన్‌ను విడగొట్టి వదిలించుకోవడానికి చేపకు ఎస్టరేజ్ ఎంజైములు కావాలి. క్లోరిపైరిఫాస్ పట్టి ఆపేది వాటినే.

ఒక్కో మందుకు విడిగా హద్దు గీసి, రెండూ హద్దులోనే ఉన్నాయి కాబట్టి నీరు మంచిదే అనేవారి మీద నాకు కోపం. చేపకు మందుకొక చెరువు ఉండదు.

వచ్చేది రొయ్య పిల్లల మీద పరీక్ష. సైపర్‌మెత్రిన్‌కు అవి చేపలకంటే త్వరగా లొంగుతాయి. మందుల ఇండెంట్ ఈ ఉదయమే ఇచ్చి, ముద్ర వేసేదాకా అక్కడే నిలబడి వచ్చాను.