కూతుర్ని కూతురిగా కూర్చోనివ్వాలి

నేను డౌలాని, అంటే ఆఖరి రోజుల్లో ఉన్న మనిషికీ ఇంట్లోవాళ్ళకూ తోడుగా ఉండేదాన్ని. ఇవాళ ఎక్కువసేపు తిండి గురించే మాట్లాడాను. మనిషి ఆఖరి రోజుల్లో ఉన్న ఇంట్లో గొడవలన్నీ మందుల గురించో డబ్బు గురించో జరుగుతాయని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చూసినంతలో తిండి దగ్గరే ఎక్కువ. మాస్టారి ఇంట్లోనూ అంతే. (పేరు రాయను. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి ఎదుట కూడా మాస్టారూ అనే పిలుస్తాను.)

నేను వెళ్ళేసరికి కూతురు గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. "నాన్నా, ఒక్క చెంచా. నాకోసం" అంటోంది. ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఫోన్ స్పీకర్లో దూరాన ఉన్న తమ్ముడు. "తినకపోతే డ్రిప్ అయినా పెట్టించొచ్చు కదా అక్కా? ఆకలితో మాడ్చి చంపుతామా?" ఆ మాట పడగానే ఆవిడ చేతిలో చెంచా వణికింది. ఆ అబ్బాయిది దుర్మార్గం కాదు. దూరాన ఉన్నవాడికి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధ ఉంటుంది, అది అలా బయటికి వస్తుంది.

ముందు గిన్నె పక్కన పెట్టించి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. తర్వాత ఇద్దరికీ కలిపి చెప్పాను. తినడం మానేసినందువల్ల ప్రాణం పోవడం లేదు, ప్రాణం పోయే దారిలో ఉంది కాబట్టే ఒంటికి తిండి అక్కర్లేకుండా పోయింది. అరిగించుకునే శక్తి లేని కడుపులోకి బలవంతంగా పంపితే వాంతి అవుతుంది, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నరంలోంచి నీళ్ళు ఎక్కిస్తే, కిడ్నీలు సరిగా పనిచేయని ఒంట్లో అవి కాళ్ళలో వాపుగానో, ఛాతీలో నీరుగానో చేరి ఆయాసం పెరగొచ్చు. నిన్న పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) నర్సు చెప్పిందీ ఇదే. అయినా నిన్న వాళ్ళ చెవికెక్కలేదు. భయపడుతున్నవాళ్ళకు ఒకే సంగతిని నాలుగైదు సార్లు, తొందర లేకుండా చెప్పాలి. నర్సుకు ఇంకా చాలా ఇళ్ళున్నాయి, ఆవిడకు అంత టైము ఉండదు. నాకుంది. ఆ తీరిక ఇవ్వడమే డౌలా పనిలో సగం అనిపిస్తుంది నాకు.

డ్రిప్ పెట్టాలా వద్దా అన్నది మాత్రం నేను తేల్చను. డాక్టర్‌ని ఏమేం అడగాలో తమ్ముడి చేత కాగితం మీద రాయించాను, అంతే. మందు ఇవ్వడం, డోసు మార్చడం, ఇంజెక్షన్ చేయడం, ఇవేవీ డౌలా పనులు కావు. ఈ గీత దాటే డౌలాలంటే నాకు కోపం. ఇంట్లోవాళ్ళు అయోమయంలో ఉన్నప్పుడు ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాటే వేదమైపోతుంది. ఆ బలాన్ని వాడుకోకూడదు.

తర్వాత ఆవిడకు నోరు తడపడం నేర్పించాను. పుల్ల చివర చిన్న స్పాంజి ఉంటుంది. దాన్ని నీళ్ళలో ముంచి, గ్లాసు అంచుకు నొక్కి పిండేయాలి, చుక్క కారకూడదు. ముందు పెదాల మూల, తర్వాత చెంప లోపలి వైపు, ఆ తర్వాత నాలుక. తలవైపు మంచం కొంచెం ఎత్తు చేసి, మొహం కాస్త పక్కకు తిప్పి ఉంచాలి. ఆవిడ మొదట భయపడుతూనే పెట్టింది. స్పాంజి తగలగానే మాస్టారు పెదాలు బిగించి చప్పరించారు. ఆవిడ కంగారుగా లాగబోతే "లాగొద్దమ్మా, ఆయనే వదిలేస్తారు, ఆగండి" అన్నాను. వదిలారు. మళ్ళీ నోరు తెరిచారు. పొద్దుటి నుంచి దేనికీ తెరవని నోరు! "నీళ్ళు కావాలా నాన్నా?" అని ఆవిడ ఇంకోసారి ముంచింది. నాన్నకు ఏదో ఒకటి నోట్లో పెట్టాలన్న ఆవిడ ఆరాటం కొంత తీరింది. పెదాలకు రాసే క్రీమ్ కూడా తనే రాసింది.

నెలల తరబడి ఆవిడ నర్సు, ఆయా, అకౌంటెంటు అన్నీ అయింది. మందుల టైములు, పక్క మార్చడం, ఫోన్లు, బిల్లులు. ఇన్నిటి మధ్య నాన్న పక్కన ఊరికే కూర్చున్న గంట ఒక్కటీ లేదని తనే చెప్పింది. నేను ఇంటికి వచ్చేది ముఖ్యంగా ఆ గంట కోసమే. నేనున్నంతసేపు ఆవిడ పడుకోవచ్చు, స్నానం చేసి రావచ్చు, లేదా ఏ పనీ పెట్టుకోకుండా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చు.

మధ్యాహ్నం తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు తగ్గింది. "ఇంతకీ మేడమ్, మీరు నర్సా, కౌన్సెలరా?" అన్నాడు. రెండూ కాదన్నాను. కాన్పు సమయంలో తల్లి పక్కన ఉండి ధైర్యం చెప్పే డౌలాల గురించి అతనికి తెలుసు. హెన్రీ ఫెర్స్కో-వైస్ అనే సోషల్ వర్కర్ న్యూయార్క్‌లో ఒక హాస్పిస్‌లో (ఆఖరి దశలో ఉన్నవాళ్ళను చూసుకునే సంస్థలో) పనిచేస్తూ, మంచి వైద్యం అందుతున్నా చాలామంది భయంతోనూ గందరగోళంతోనూ పోతుండటం చూశాడు. కాన్పు డౌలాల పద్ధతి తెలుసుకుని, దాన్నే ఆఖరి రోజులకు మలిచి, 2003లో అక్కడ వాలంటీర్లకు శిక్షణ మొదలుపెట్టాడు. అంతకుముందు 2001లో ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో సాండ్రా క్లార్క్ అనే నర్సు, ఎవరూ లేని రోగులు ఒంటరిగా పోకూడదని ఆసుపత్రిలో వాలంటీర్లను వంతులవారీగా కూర్చోబెట్టే ఏర్పాటు చేసింది. పక్కన కాసేపు కూర్చోమని ఒక వృద్ధుడు ఆవిణ్ణి అడిగాడట. మిగతా రోగుల్ని చూసి వస్తానని వెళ్ళింది, తిరిగొచ్చేసరికి ఆయన పోయాడు. ఏళ్ళ తరబడి మనసులో ఉండిపోయిన ఆ బాధలోంచే ఆ ఏర్పాటు పుట్టింది. ఇది చెబితే అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "టికెట్ ముందుకి మార్చుకుంటాను" అన్నాడు.

అతనొచ్చేదాకా ఏం చేయగలడని అడిగితే, మాట్లాడమన్నాను. నాన్నకు వినిపిస్తుందా అని సందేహం. 2020లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు, స్పృహ తప్పి ఆఖరి గంటల్లో ఉన్న హాస్పిస్ రోగుల మెదడు సంకేతాలు రికార్డు చేశారు. కొందరిలో శబ్దాలకు మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. అర్థమయిందని దాన్నిబట్టి చెప్పలేం, కానీ చెవి దాకా చేరదని అనుకోవడానికి వీల్లేదు. మంచం దగ్గర "ఇంకెన్నాళ్ళో" లాంటి మాటలు వద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. అతను మాట్లాడాడు. ఫోన్ మాస్టారి దిండు మీద పెట్టి మేమిద్దరం గదిలోంచి వచ్చేశాం. ఏం చెప్పాడో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇక నోట్‌బుక్. మాస్టారు బాగా మాట్లాడగలిగిన రోజుల్లో ఆయన్ని అడిగి రాసుకున్నది. ఆఖరి రోజుల్లో గది ఎలా ఉండాలి, ఎవరుండాలి, ఎవరొద్దు, ఏం వినిపించాలి. కిటికీ తెర తీసి ఉంచాలి. టీవీ వద్దు. కాళ్ళ మీద దుప్పటి కప్పొద్దు, బరువుగా ఉంటుంది. ఏడుపొస్తే ఇక్కడే ఏడవండి, పక్క గదిలోకి పోయి ఏడిస్తే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది. ఇవన్నీ ఆయన మాటలే. పొద్దున చూస్తే ఎవరో చలేస్తుందేమోనని కాళ్ళ మీద మందపాటి దుప్పటి కప్పారు. నోట్‌బుక్ చూపించి తీయించాను. మాట పడిపోయాక కూడా ఆయన మాట ఆ గదిలో చెల్లాలి కదా!

అదే నోట్‌బుక్‌తో పాటు మనవడి కోసం చేసిన రికార్డింగు కూడా ఉంది. సున్నాతో ఎందుకు భాగించకూడదో చెప్పారు. మధ్యలో దగ్గు, మంచినీళ్ళు, "ఎక్కడ ఆపాను?" అన్నీ ఉన్నాయి. ఆ దగ్గును కట్ చేయొద్దని కూతురికి చెప్పాను. కెనడాలోనే హార్వీ చోచినోవ్ అనే సైకియాట్రిస్టు ఇలాంటి పనిని ఒక పద్ధతిలో పెట్టాడు. జీవితంలో ముఖ్యమైనవేంటి, అయినవాళ్ళకు ఏం చెప్పాలనుంది అని అడిగి, జవాబుల్ని రాసి, సరిదిద్ది, కుటుంబానికి ఇస్తారు. దాని ఫలితాలు 2005లో ప్రచురించాడు. మాస్టారికి జీవిత విశేషాలు చెప్పడం ఇష్టం లేదు. లెక్క చెప్పడం ఇష్టం. అందుకే లెక్క చెప్పించాం.

నొప్పి సంగతి కూడా రాయాలి. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు సరిపడా పడుతున్నా పోయిన వారం రాత్రుళ్ళు మూలుగు ఆగలేదు. సిసిలీ సాండర్స్ దీన్ని బాగా పట్టుకుంది. ఆవిడ నర్సుగా, సోషల్ వర్కర్‌గా, చివరికి డాక్టర్‌గా పనిచేసి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టింది. ఒంటి నొప్పి ఒక్కటే కాదు, మనసు బాధ, ఇంట్లోవాళ్ళ దిగులు, బతుక్కి అర్థమేంటన్న వేదన, అన్నీ కలిసి ఒకే నొప్పిగా వస్తాయని చెప్పింది. మాస్టారిని కదిపి చూస్తే, ఎప్పుడో మాటలు మానేసిన ఆయన సొంత తమ్ముడి పేరు బయటికొచ్చింది. నేను రాజీ కుదర్చలేదు, అది నా పని కాదు. ఉత్తరం రాస్తారా అని అడిగాను. ఆయన చెబుతుంటే రాశాను, నాలుగే వాక్యాలు. పంపాక రెండు రాత్రులు కాస్త నిద్రపోయారు. అన్నిసార్లూ ఇలా కుదరదు. కుదరని ఇళ్ళే ఎక్కువ, అక్కడ ఊరికే పక్కన ఉంటాం.

సాయంత్రం బయల్దేరే ముందు ఇద్దరికీ ముందు జరగబోయేవి చెప్పాను. నిద్ర ఇంకా పెరుగుతుంది. చేతులు, కాళ్ళు చల్లబడతాయి, మోకాళ్ళ దగ్గర చర్మం మచ్చలు మచ్చలుగా ఊదా రంగులోకి తిరుగుతుంది. ఊపిరి గబగబా పెరిగి, నెమ్మదించి, ఆగిపోయినట్టే ఆగి, మళ్ళీ మొదలవుతుంది. డబ్లిన్‌లో పనిచేసిన జాన్ చేన్, విలియం స్టోక్స్ అనే డాక్టర్లు 1818లో ఒకరు, 1854లో ఒకరు దీని గురించి రాశారు, వాళ్ళిద్దరి పేరుతోనే డాక్టర్లు పిలుస్తారు. మనవాళ్ళకు ఎగశ్వాస అంటే చాలు. గొంతులో గురగుర రావచ్చు. మింగలేని ఉమ్మి గొంతులో నిలిచినందువల్ల వచ్చే చప్పుడది. వినేవాళ్ళకు ఉన్నంత బాధ ఆయనకు ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గొచ్చు, తగ్గకపోతే నర్సుకు ఫోన్ చేయాలి. ఒక్కోసారి ఉన్నట్టుండి తేరుకుని మాట్లాడతారు కూడా. అప్పుడు ఆశ పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తకుండా, ఆ మాటలు వినండి అన్నాను. ఇవన్నీ ముందే చెప్పడం క్రూరమని కొందరంటారు. నేను ఒప్పుకోను. తెలియని ఇంట్లో ఊపిరి ఆగి మళ్ళీ రాగానే అంబులెన్సుకి ఫోన్లు, అరుపులు, పరుగులు. తెలిసిన ఇంట్లో కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

వచ్చే దారిలో ఇంకో ఇంటికి వెళ్ళాను. అక్కడ భర్త పోయి నెల దాటింది. ఆ రాత్రి మార్ఫిన్ తన చేత్తో ఇచ్చానని, దానివల్లే పోయాడేమోనని ఆవిడ మనసులో పెట్టుకుని కుమిలిపోతోంది. ఈ అనుమానం చాలామందికి ఉంటుంది, ఎవరూ పైకి అనరు. నర్సు రాసిచ్చిన చార్టు తీసి, ఎప్పుడు ఎంత ఇచ్చారో, అప్పటికి ఊపిరి ఎలా ఉందో ఇద్దరం వరుసగా చదివాం. డాక్టర్‌తో మాట్లాడిస్తానన్నాను, సరేనంది. ఆయన పోవడంతో డౌలా పని అయిపోదు. ఇలా తర్వాత కూర్చుని ఆ రాత్రిని మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకోవడం కూడా మా శిక్షణలో భాగమే.

ఈ పనికి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి, ఉదాహరణకి ఫెర్స్కో-వైస్ 2015లో ఇంకొకరితో కలిసి పెట్టిన ఇనెల్డా. అయితే అమెరికాలో దీనికి లైసెన్స్ లేదు, ఎవరైనా డౌలానని చెప్పుకోవచ్చు. అందుకే పిలిచేవాళ్ళు అడిగి తెలుసుకోవాలి: ఎక్కడ నేర్చుకున్నారు, ఏం చేయరు, నర్సుతో ఎలా కలిసి పనిచేస్తారు, డబ్బు ఎంత, మా నమ్మకాలు మీకు వేరైతే ఏం చేస్తారు. "ఏం చేయరు" అన్నదానికి టక్కున జవాబు చెప్పలేని మనిషిని ఇంట్లోకి రానివ్వకపోవడమే మంచిది.

రేపు నర్సు వచ్చే టైముకి మాస్టారి ఇంట్లో ఉండాలి. తమ్ముడు రాసుకున్న ప్రశ్నల కాగితం ఫోన్లో పంపాడు, ప్రింట్ తీసుకెళ్ళాలి. అతను దిగేది అర్ధరాత్రి. అక్క మెలకువగా ఉండి తలుపు తీయక్కర్లేకుండా ఆ కాసేపు నేనే ఉంటానన్నాను.