హార్వర్డ్‌లో టూర్ వాళ్ళు చూపించని వీధి

అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ఉన్న కేంబ్రిడ్జ్ వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా, తలా పాతిక డాలర్లు పోసి నడక టూర్ తీసుకోకండి. మమ్మల్ని తిప్పినాయన జాన్ హార్వర్డ్ విగ్రహం దగ్గరే అరగంట నిలబెట్టేశాడు, అందరూ దాని బూటు ముట్టుకుని ఫొటోలు దిగాలని. 1884 నాటి విగ్రహం, బాగానే ఉంది, కానీ ఆ రోజుల్లో అక్కడ చదివిన కుర్రాళ్ళు సాయంత్రాలు ఎలా గడిపేవాళ్ళో తెలుసుకోవాలని కదా నేను వెళ్ళింది!

నా మేనకోడలు బోస్టన్‌లోనే ఎమ్మెస్ చేస్తోంది. "ఆయన్ని వదిలేద్దాం మామయ్యా, నేను చూపిస్తా" అని మెమోరియల్ హాల్‌కి లాక్కెళ్ళింది. అదృష్టం, అందులోని శాండర్స్ థియేటర్ తలుపు తీసే ఉంది. లోపలంతా ముదురు చెక్క, అర్ధచంద్రాకారంలో బెంచీలు, ఆఖరి వరసలో కూర్చున్నా వేదిక దగ్గరగానే ఉంటుంది. లండన్ నటుడు హెన్రీ ఇర్వింగ్ 1885లో ఇక్కడే నటన గురించి మాట్లాడాడు. అప్పటి కుర్రాళ్ళ నాటకాల పిచ్చి అంతా ఇంతా కాదు. గుర్రాలు లాగే ట్రామెక్కి నది దాటి బోస్టన్ థియేటర్లకి పోయేవాళ్ళు, కాలేజీ క్లబ్బు నాటకాల్లో ఆడవేషాలూ వాళ్ళే కట్టేవాళ్ళు. అదే 1885లో మా కడప జిల్లాలో సురభి నాటక సమాజం మొదలైంది, ఆడవేషాలు ఆ కుటుంబాల ఆడవాళ్ళే వేశారు. ఈ సంగతి మేనకోడలికి చెప్తుంటే ఎంత గర్వంగా అనిపించిందో.

అక్కణ్ణుంచి లా స్కూల్ వైపు నడిచాం. ఇప్పుడు భవనాలున్న ఆ చుట్టుపక్కలే అప్పటి బేస్‌బాల్ మైదానాలు. బ్యాటర్ వెనక నిలబడే క్యాచర్ ముఖానికి బంతి తగిలిందా, పళ్ళు రాలాల్సిందే. అందుకని హార్వర్డ్ కెప్టెన్ ఫ్రెడ్ థేయర్ కత్తిసాము మాస్కుని మార్పించి 1877లో తమ క్యాచర్ జేమ్స్ టింగ్‌కి తొడిగించాడు. చూసినవాళ్ళు నవ్వారట. 1878లో పేటెంట్ వచ్చింది, ఇవాళ మాస్కు లేని క్యాచరే లేడు.

క్యాచర్ అంటే నాకు మోసెస్ వాకరే గుర్తొస్తాడు. 1881లో ఒబర్లిన్ కాలేజీ టీముకి ఆడిన నల్లజాతి కుర్రాడు, 1884లో టొలీడో టీము తరఫున మేజర్ లీగ్‌లో, అంటే పై స్థాయి బేస్‌బాల్‌లోనూ ఆడాడు. అంత ఆడినా ఏం లాభం, 1887లో ఇంటర్నేషనల్ లీగ్ అనే మరో బేస్‌బాల్ లీగ్ నల్లవాళ్ళతో ఇక కొత్త ఒప్పందాలు వద్దని తేల్చేసింది. ఇది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ కోపంతోనే ఫ్లాగ్ స్ట్రీట్ దాకా నడిచాను. నదికి దగ్గర్లో చిన్న వీధి. 1888లో హార్వర్డ్‌కి వచ్చిన డుబోయిస్, తర్వాత పేరుమోసిన నల్లజాతి రచయిత, హక్కుల నాయకుడు, ఇక్కడే 20వ నంబరు ఇంట్లో, ఒక నల్లజాతి ఆవిడ దగ్గర గది అద్దెకి తీసుకున్నాడు. మంచి గొంతున్నా కాలేజీ గ్లీ క్లబ్బులో, అంటే పాటల బృందంలో చేర్చుకోలేదు. 1890లో స్నాతకోత్సవానికి, మేము చూసొచ్చిన ఆ శాండర్స్ వేదిక మీదే, ఆయన ప్రసంగించాడు. మరుసటేడు థాంక్స్‌గివింగ్ రాత్రి ఆయనా స్నేహితులూ కలిసి బోస్టన్‌లో నల్లజాతివాళ్ళ చర్చిలో ప్రాచీన గ్రీకు నాటకకర్త అరిస్టోఫేన్స్ నాటకం వేశారు. ఇన్ని కథలున్న వీధి పేరు కూడా మా టూర్ ఆయన ఎత్తలేదు.

మీరు వెళ్తే రెడ్ లైన్ మెట్రోలో వచ్చి హార్వర్డ్ స్టేషన్‌లో దిగి నది వైపు నడవండి, పావుగంట కూడా పట్టదు. డుబోయిస్ ఉన్న ఆ ఇల్లు ఇప్పటికీ మనుషులుండే ఇల్లే, వీధిలోంచే చూడాలి.