నిద్ర చెడిన సీతాకోకచిలుక

భోగి నాడు మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మహోనియా పొద మీద ఏదో కదిలింది. మేముండే రెడింగ్‌లో, ఆ మాటకొస్తే ఇంగ్లండ్‌లో ఎక్కడైనా, జనవరిలో బట్టలు బయట ఆరేయడమే విడ్డూరం. ఆ రోజు 12 డిగ్రీలు. గాలి లేదు. ఎండ వీపుకి వెచ్చగా తగులుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే రెడ్ అడ్మిరల్ అనే సీతాకోకచిలుక! నల్లటి రెక్కల మీద ఎర్ర పట్టీ, కొసల్లో తెల్లచుక్కలు. పసుపుపచ్చ పూలగుత్తి మీద రెక్కలు బార్లా తెరిచి ఎండ కాచుకుంటోంది.

వెంటనే తెనాలిలో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. ఆవిడకి ఇందులో వింతేమీ కనిపించలేదు. మా ఇంట్లో కరివేపాకు చెట్టు చుట్టూ సంక్రాంతికీ తిరుగుతాయి, దసరాకీ తిరుగుతాయి. కానీ ఒక్క క్షణం ఆగి, "అది మనం షెడ్డులో పెట్టినదేనా?" అంది. కాదమ్మా, అది వేరే రకం, పైగా రెండేళ్లయింది అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ షెడ్డు సంగతే బుర్రలో తిరుగుతోంది. అందుకే రాస్తున్నాను.

రెండేళ్ల కిందట డిసెంబరులో అమ్మ మా దగ్గరికి వచ్చింది. మేడ మీద చిన్నగది ఆవిడకి సర్దాం. అంతకుముందు ఆ గదిలో సూట్‌కేసులే ఉండేవి, హీటింగ్ ఎప్పుడూ వేసేవాళ్లం కాదు. ఆవిడ వచ్చాక రాత్రీ పగలూ వేసే ఉంచాం. మూడో రోజు పొద్దున్నే "ఒసే, ఇలా రా" అని పిలిచింది. కిటికీ అద్దానికి ఒక సీతాకోకచిలుక టపటపా కొట్టుకుంటోంది. కర్టెన్ మడతల్లో ఎప్పుడు దూరిందో ఏమో, సెప్టెంబరు నుంచీ అక్కడే నిద్రపోయి ఉంటుంది. మేం వేడి పెట్టేసరికి వసంతం వచ్చిందనుకుని లేచింది.

అది స్మాల్ టార్టాయిజ్‌షెల్. రెక్కలు మూస్తే కాలిన కాగితంలా ఉంటుంది, తెరిస్తే నారింజ రంగు, అంచు పొడుగునా చిన్న చిన్న నీలి చంద్రవంకలు. కాసేపటికి అలిసిపోయి కిటికీ చెక్క మీద వాలింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి, "దీనికి నాలుగే కాళ్లున్నాయేంటే?" అంది. పురుగుకి ఆరు కాళ్లుండాలి కదా. ఈ జాతికి ముందు రెండు కాళ్లు చిన్నగా, మొహం కింద ముడుచుకుని ఉంటాయి. నడవడానికి పనికిరావు. నేను ఇన్నేళ్లుగా చూస్తూ కూడా ఆ సంగతి అంత దగ్గరగా గమనించలేదు.

"పాపం, కిటికీ తీసి వదిలెయ్" అంది అమ్మ. అదే చెయ్యకూడదు. బయట 3 డిగ్రీలు. పూలు లేవు, ఎండ లేదు. ఒళ్లు వేడెక్కితే తప్ప అది ఎగరలేదు. ఇక్కడి సీతాకోకచిలుకల్లో చాలా రకాలు చలికాలాన్ని గుడ్డుగానో గొంగళిపురుగుగానో గూడులోనో గడిపేస్తాయి. రెక్కలతోనే శీతాకాలం దాటేవి ముఖ్యంగా ఐదు: బ్రిమ్‌స్టోన్, పీకాక్, కామా, స్మాల్ టార్టాయిజ్‌షెల్, రెడ్ అడ్మిరల్. శరత్కాలంలో తాగిన తేనె ఒంట్లో కొవ్వుగా మారి ఉంటుంది. మార్చి దాకా అదే కూడు. చల్లగా ఉంటే కొద్దికొద్దిగా ఖర్చవుతుంది, వెచ్చబడి మెలకువ వచ్చిందంటే గబగబా కరిగిపోతుంది. మధ్యలో లేచిన ప్రతిసారీ ఆ మూట కొంత ఖాళీ అవుతుంది.

చెప్పుల అట్టపెట్టెలోకి మెల్లగా ఎక్కించాం. అమ్మ ఊరుకోలేదు, దూదికి పంచదార నీళ్లు తడిపి పెట్టింది. చుట్ట చుట్టుకున్న తొండం విప్పి అది తాగడం ఇద్దరం నేల మీద కూర్చుని చూశాం. తర్వాత పెట్టెని పెరటి షెడ్డులోకి తీసుకెళ్లి, చీకటిగా ఉన్న మూల పలక మీదకి దాన్ని ఎక్కించాను. ఎండలొచ్చాక దారి ఉండాలని తలుపు కింద చెక్క కొంచెం కోశాను.

అందుకే జనవరిలో సీతాకోకచిలుక ఫొటో ఎవరైనా పంపితే నాకు ముందు ఆనందం రాదు, అది ఏ రకమో చూస్తాను. రెడ్ అడ్మిరల్ అయితే కొంత ధైర్యం. ఒకప్పుడు అది ఏటా దక్షిణం నుంచి సముద్రం దాటి వచ్చే చుట్టమే. ఇప్పుడు దక్షిణ ఇంగ్లండ్‌లో చలికాలమంతా ఉండిపోతోంది. మిగతావాటిలా గాఢంగా నిద్రపోదు, ఎండ కాసిన రోజు లేచి మళ్లీ పడుకుంటుంది. అదే టార్టాయిజ్‌షెల్ కనిపిస్తే మాత్రం గుండె కలుక్కుమంటుంది. అసలే ఈ దేశంలో అవి బాగా తగ్గిపోయాయి.

2019 ఫిబ్రవరి 26న లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో 21.2 డిగ్రీలు నమోదైంది. ఈ దేశంలో శీతాకాలానికి అదే రికార్డు. ఆ రోజు మేం పార్కులో ఐస్‌క్రీములు తిన్నాం. మగ బ్రిమ్‌స్టోన్లు, నిమ్మపండు రంగువి, కాలిబాట వెంట తిరుగుతుంటే నేనూ మురిసిపోయాను. వాటి పిల్లలు తినేది బక్‌థార్న్ ఆకు. ఆ చెట్లు ఇంకా చిగురించనే లేదన్న సంగతి ఆ సాయంత్రానికి గానీ నాకు తట్టలేదు. ఒక డిగ్రీ వేడెక్కితే చాలా రకాలు 2 నుంచి 10 రోజులు ముందే కనిపిస్తాయని డేవిడ్ రాయ్, టిమ్ స్పార్క్స్ అనే పరిశోధకులు 2000లోనే లెక్కగట్టారు. సీతాకోకచిలుక ముందుకి జరిగినంతా చెట్టూ పూలూ జరగాలిగా! ఇక్కడ 1976 నుంచి మనుషులు నడిచి వీటిని లెక్కపెడుతున్నారు. కానీ ఆ వారవారం నడక ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరుతో అయిపోతుంది. చలికాలంలో లేచినవి మనలాంటివాళ్ల కంట పడాల్సిందే. నేను తేదీ, రకం, ఏ పువ్వు మీద ఉందో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

ఆ మార్చిలో అమ్మ తెనాలి నుంచి రోజు విడిచి రోజు అడిగేది, "పోయిందా?" అని. ఉగాది దగ్గరపడ్డాక ఒక ఎండ రోజున షెడ్డు తీసి చూశాను. పలక మీద లేదు. టార్చి వేసి నేలంతా వెతికాను, ఎలుక తింటే రెక్కలు మిగులుతాయి కదా. ఒక్క రెక్క ముక్క కూడా కనిపించలేదు. "పోయిందమ్మా" అన్నాను.

ఈ భోగి నాటి రెడ్ అడ్మిరల్ గంటన్నర ఉంది. రెండున్నరకి ఎండ పక్కింటి కప్పు వెనక్కి జారగానే రెక్కలు ముడుచుకుని, ఎగిరి గోడ మీది ఐవీ తీగలోకి దూరింది. ఎంత కళ్లు చికిలించి చూసినా ఆకుల్లో మళ్లీ కనిపించలేదు. ఆ వారాంతంలో ఐవీ కత్తిరిద్దామని కత్తెర బయట పెట్టుకున్నాను. తీసి లోపల పెట్టేశాను.